కుడిదా, ఎడమదా?

పేకలో రాజును తలకిందులుగా పట్టుకున్నా రాజే. ముక్కకి ఏ చివరైనా పైచివరే. పంచిన ముక్కల్ని ఒక్కొక్కటే తిప్పుకోనక్కర్లేకుండా గబగబా సర్దుకోవడానికి ఆ ఏర్పాటు. అనాటమీ నేర్పడానికి నేనొక ఆట తయారుచేసినప్పుడు ఈ సౌకర్యం నాకు తెగ నచ్చేసి, నా ముక్కలు కూడా అలాగే అచ్చు వేయించాను: రెండు చివరలా అదే బొమ్మ, ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా. డెల్టాయిడ్ కండరం, దాని కింద హ్యూమరస్ ఎముక, ఎటు పట్టుకున్నా చక్కగా కనబడేవి. ప్రింటింగ్ ప్రెస్సు కుర్రాడు కూడా "అచ్చం పేకముక్కల్లాగే వచ్చాయండి మేడమ్" అని మెచ్చుకున్నాడు. ఎముకకి తల ఒకవైపే ఉంటుందన్న సంగతి ఆ పూట మా ఇద్దరికీ తట్టలేదు. అతనికి తట్టకపోవడంలో వింత లేదు.

నేను కోస్తా జిల్లాల్లో ఒక మెడికల్ కాలేజీలో ఫస్టియర్ వాళ్ళకి అనాటమీ చెబుతాను. నీట్ ర్యాంకు కొట్టి, ఊళ్ళో తమ ఫొటోతో ఫ్లెక్సీ కట్టించుకుని మరీ వచ్చే పిల్లలు మొదటి నెలలోనే డీలాపడిపోతారు. అందరూ అనుకున్నట్టు శవాన్ని చూసి కాదు, ఫార్మలిన్ వాసనకీ కాదు. ఆ రెండూ త్వరలోనే అలవాటైపోతాయి. అలవాటు కానివి పేర్లు. పెరిగిన మనిషి ఒంట్లో ఎముకలే 206. ఒక్క మణికట్టులో ఎనిమిది చిన్నచిన్న ఎముకలు, ఒక్కోదానికీ నోరు తిరగని పేరు. మెదడు నుంచి సూటిగా బయల్దేరే నరాలు పన్నెండు జతలు. కండరాల సంగతి చెప్పనక్కర్లేదు. ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్ బ్రెవిస్ అని ముంజేతిలో ఒక కండరం ఉంది. దాని పేరే దానికంటే పొడుగనిపిస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలైతే చౌరాసియా పుస్తకం ముందేసుకుని, సీనియర్ల దగ్గర కొన్న బోన్ సెట్టు మంచం మీద పరచుకుని, అర్ధరాత్రి దాకా బట్టీ పడతారు. పొద్దున్న డిసెక్షన్ టేబుల్ దగ్గర అడిగితే సగం ఎగిరిపోయి ఉంటాయి.

అదే పిల్లలు ఆదివారం హాస్టల్లో రమ్మీకి కూర్చుంటే ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పడేశారో, ఎవరి చేతిలో ఏముండి ఉంటుందో పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఆ జ్ఞాపకాన్ని పాఠం వైపు మళ్ళిస్తే? నా ఆలోచన అంతే. దానికి శాస్త్రం కూడా తోడొచ్చింది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరి చేత మళ్ళీ చదివించారు. ఇంకొందరి చేత, ఒకసారి చదివాక కాగితం తీసేసి, గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత పెడితే రాసినవాళ్ళు మెరుగు. లోపలికి ఎక్కించుకోవడం కంటే బయటికి తీయడం వల్ల జ్ఞాపకం గట్టిపడుతుందన్నమాట. పేకాటంతా బయటికి తీయడమే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

చేతి కండరాలతో మొదలుపెట్టాను. ఒక్కో కండరానికి నాలుగు ముక్కలు. బొమ్మతో పాటు పేరు ఒకదాని మీద. ఏ ఎముక నుంచి ఏ ఎముకకి అతుక్కుంటుందో ఇంకోదాని మీద. దానికి అందే నరం మూడోదాని మీద. అది చేసే పని నాలుగోదాని మీద. నాలుగూ కలిస్తే సెట్టు. తక్కిన వ్యవహారమంతా రమ్మీయే: పంచడం, ఎత్తడం, పడేయడం, షో చెప్పడం. జోకర్లు కూడా పెట్టాను, జోకర్ లేని రమ్మీ ఏమిటని.

మా హెచ్‌ఓడీ గారు పాతకాలం మనిషి. "కాలేజీలో పేకాటేమిటమ్మా, ఎవరైనా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే?" అన్నారు. ఆ భయం అర్థం లేనిదేమీ కాదు. సంక్రాంతి వస్తే చాలు, పేకాట శిబిరాల మీద దాడులని పేపర్లో వచ్చే ప్రాంతం మాది. నేను మాత్రం సిద్ధమయ్యే వెళ్ళాను. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1960ల చివర్లో కోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా తేల్చింది. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి అన్నది అందులో వాదం. "గుర్తుంచుకోవడమేనండి సార్, సుప్రీంకోర్టే చెప్పింది" అన్నాను. ఆయన నవ్వేసి సరేనన్నారు. వాదన నెగ్గాను గానీ, ఆ మాటలోనే నాకు అడ్డొచ్చే సంగతి ఒకటి ఉందని గమనించలేదు. రమ్మీలో గుర్తుంచుకోవలసింది ముక్కల్ని. ముక్క వెనక ఇంకేమీ లేదు. అనాటమీలో ముక్క వెనక ఒక మనిషి ఉంటాడు.

ఆట బాగానే పాకింది. క్లాసు అయిపోయాక కూడా పిల్లలు లేచేవారు కాదు. హాస్టళ్ళకి అదనంగా సెట్లు అడిగితే అచ్చు వేయించి ఇచ్చాను. ఇంటర్నల్ పరీక్షల్లో చిన్న ప్రశ్నల మార్కులు పెరిగాయి. ఒక సదస్సులో దీని మీద పేపరు కూడా చదివాను. స్లైడ్ల మీద ఆ ముక్కల్ని చూసి చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో డిసెక్షన్ గంటలోంచి కూడా కొంత తీసి ఆటకిచ్చాను. టేబుల్ దగ్గర పాతికమంది మూగితే వెనకవాళ్ళకి ఎలాగూ ఏమీ కనబడదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చూసి కూడా చూడనట్టు వదిలేసినవి కొన్ని ఉన్నాయి. కండరానికి ఏ నరం అందుతుందో తెలియకపోతే పిల్లలు ఆ చోట జోకర్ పెట్టి షో చెప్పేసేవారు. నియమం ప్రకారం అది తప్పు కాదు మరి. ఏది కష్టమైతే దాని మీదే జోకర్ పడేది, అంటే ఏది నేర్చుకోవాలో సరిగ్గా అదే ఎగిరిపోయేది. కొన్నాళ్ళకి ముక్కలు మాసిపోయాయి. టీ మరక ఉన్నది సుపైనేటర్ అనీ, మూల విరిగినది టెరీస్ మేజర్ అనీ బొమ్మ చూడకుండానే చెప్పేవారు. పేరు పోలికతో జత కలిపేయడం ఇంకో విద్య. ఫ్లెక్సార్ కార్పై అల్నారిస్‌కి అల్నార్ నరం, నిజమే. అదే లెక్కలో ఫ్లెక్సార్ కార్పై రేడియాలిస్‌కి రేడియల్ నరం పెట్టేవారు. దానికి అందేది మీడియన్. తప్పు దిద్ది, నవ్వేసి, మళ్ళీ పంచమనేదాన్ని.

తర్వాతి బ్యాచ్‌లో ఒకమ్మాయి ఆటకి కూర్చునేది కాదు. ముక్కలు పంచే వేళకి కిటికీ పక్కకి వెళ్ళి పుస్తకం తీసేది. పిలిచి చూశాను, రాలేదు. ఒకరోజు అందరి ముందూ "చదువంటే బద్ధకించేవాళ్ళని చూశాను గానీ ఆటంటే కూడా బద్ధకమేనా అమ్మా?" అన్నాను. క్లాసు నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వినట్టే మొహం పెట్టింది.

తల్లిదండ్రుల సమావేశానికి వాళ్ళమ్మ వచ్చింది. మార్కుల సంగతి మాట్లాడాక, వెళ్ళేముందు గొంతు తగ్గించి, "మేడమ్ గారూ, ఏమీ అనుకోకండి. వాళ్ళ నాన్న పేకలో పడి ఉన్న ఎకరంన్నరా అమ్మేశాడండి. ఇంట్లో ముక్క కనబడితే నాకు అన్నం సయించదు. ఇక్కడ కూడా అదేనని అమ్మాయి చెప్పింది" అంది. అది పేక కాదండీ, పాఠమండీ అని వివరించబోయాను. ఆవిడ మర్యాదగా తల ఊపింది. చెబుతూ చెబుతూ నా మాట నాకే వినబడింది. ముక్కలు అచ్చం పేకముక్కల్లా ఉండాలని ప్రెస్సులో పట్టుబట్టింది నేనే. మర్నాడు కారిడార్లో ఆ పిల్లని ఆపి, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందమ్మా, తప్పు నాదే" అన్నాను. "పర్లేదు మేడమ్" అని తలొంచుకుని వెళ్ళిపోయింది. ఇష్టమున్నవాళ్ళే ఆడాలని తర్వాత నియమం పెట్టాను గానీ, క్లాసు మొత్తం ఆడుతుంటే ఒంటరిగా కూర్చున్న పిల్లకి ఆ నియమం ఏం ఒరగబెడుతుంది?

యూనివర్సిటీ ప్రాక్టికల్స్‌కి వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చారు. మా ఆటలో ఎదురులేని కుర్రాడి వంతు వచ్చింది. ఇంటర్నల్‌గా పక్కనే కూర్చుని నేను లోలోపల మురిసిపోతున్నాను. ఆయన టేబుల్ మీంచి ఒక హ్యూమరస్ తీసి అతని చేతికిచ్చి, ఏ కాలేజీలోనైనా ఎముకల వైవా మొదలయ్యే ప్రశ్నే అడిగారు.

"కుడిదా, ఎడమదా?"

కుర్రాడు ఎముకని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "డెల్టాయిడ్ దీనికే అతుక్కుంటుంది సార్, యాక్సిలరీ నరం, చేతిని పక్కకి లేపుతుంది" అని గడగడా అప్పజెప్పాడు.

"అడిగింది అది కాదు నాన్నా. ముందు పైచివర ఏదో చూపించు."

కుర్రాడు నావైపు చూశాడు.

హ్యూమరస్‌ని గుర్తుపట్టడం నిజానికి తేలిక. గుండ్రటి తల పైన ఉంటుంది, లోపలివైపు, అంటే ఒంటివైపు చూస్తుంది. పైభాగంలో ముందువైపు ఒక గాడి ఉంటుంది. కింద వెనకవైపు, మోచెయ్యి చాచినప్పుడు అల్నా ఎముక కొస వచ్చి కూర్చునే లోతైన గుంట. ఈ మూడూ చూసుకుని, ఎముకని మన భుజం పక్కన అదే వాటంలో పెట్టి చూస్తే, కుడిదో ఎడమదో అదే చెబుతుంది. అయితే అనాటమీలో పైన, కింద, లోపల, వెలుపల అన్న మాటలన్నీ ఒక నిలబడ్డ మనిషిని ఊహించుకుని చెప్పేవి. నిటారుగా నిలబడి, మొహం మనవైపు పెట్టి, అరచేతులు ముందుకి తిప్పి ఉంటాడు. అతని కుడి మన ఎడమ. ఆ మనిషిని లోపల నిలబెట్టుకోకుండా ఒక్క ఎముక కూడా అర్థం కాదు. రెండు చివరలా తలలున్న నా ముక్కల్లో ఆ మనిషికి నిలబడే చోటే లేదు. పైగా ఎముక చేత్తో పట్టుకునే గంటల్ని నేనే మింగేశాను.

బయటికొచ్చాక ఆ కుర్రాడు "కార్డులో రెండువైపులా ఉంటుంది కదా మేడమ్" అన్నాడు. నెపం నా మీద వేయడానికి కాదు, నిజంగా సందేహం వచ్చే అడిగాడు. ఇంకో ఎముకతో ఎలాగో గట్టెక్కి పాసయ్యాడు.

నేను చేసిన మొదటి దిద్దుబాటు సిగ్గుపడాల్సినంత చిన్నది. తర్వాతి అచ్చులో రెండో బొమ్మ తీసేయించి, పైచివర ఒక బాణం గుర్తు, పక్కన కుడి, ఎడమ అని వేయించాను. లోపం ముక్క ముద్రణలో ఉందనుకున్నాను. ఆట జోలికి పోలేదు.

తొలి బ్యాచ్ పిల్లలు హౌస్‌సర్జన్లయ్యారు. ఒక రాత్రి వాళ్ళలో ఒకడు నవ్వుతూ ఫోన్ చేశాడు. క్యాజువాలిటీకి ఎవరో మోచేతి లోపలివైపు అద్దం కోసుకుని వచ్చాడట. ఉంగరపు వేలు, చిటికెన వేలు చివరి కణుపు దగ్గర ముడుచుకోవడం లేదు. వేళ్ళ చివర్లు ముడిచేది ఫ్లెక్సార్ డిజిటోరమ్ ప్రొఫండస్ అనే కండరం. మావాడికి వెంటనే సెట్టు గుర్తొచ్చింది: ప్రొఫండస్, మీడియన్ నరం. కేస్ షీటులో మీడియన్ దెబ్బతిన్నదని రాసేశాడు. ఆర్థో పీజీ వచ్చి, దాన్ని కొట్టేసి, అల్నార్ అని రాసి, "ఫస్టియర్లో ఏం చదివావురా?" అన్నాడట. "రమ్మీ అని చెప్పలేదు మేడమ్" అని వాడు పగలబడి నవ్వాడు. పేషెంటుకి నష్టమేమీ జరగలేదు, నరాన్ని సరైన చోటే వెతికి కుట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ కండరానికి నరాలు రెండు. చూపుడు వేలు, నడిమి వేలు వైపు సగానికి మీడియన్ కొమ్మ, ఉంగరపు వేలు, చిటికెన వేలు వైపు సగానికి అల్నార్. నేనే ఏళ్ళ తరబడి బోర్డు మీద చెప్పిన సంగతి. అల్నార్ నరం మోచేతి దగ్గర తెగినవాళ్ళ కంటే మణికట్టు దగ్గర తెగినవాళ్ళకే రానురాను వేళ్ళు ఎక్కువ వంకరపోతాయి. పైన తెగితే నష్టం ఎక్కువ, వంకర మాత్రం తక్కువ. ఇదేం విచిత్రమని పిల్లలు ఏటా అడుగుతారు. దానికి జవాబు ఈ సగంలోనే ఉంది. పైన తెగినప్పుడు ఆ రెండు వేళ్ళనీ ముడిచే ప్రొఫండస్ సగం కూడా పడిపోతుంది కాబట్టి వాటిని లోపలికి లాగే బలం ఉండదు. కింద తెగితే ఆ బలం చెక్కుచెదరదు. ఇదంతా తెలిసే ముక్క మీద మీడియన్ అని మాత్రమే వేయించాను.

ఎందుకంటే సెట్టుకి నాలుగే ముక్కలు. ఐదోది పెడితే పంపకం లెక్క చెడుతుంది. ఒకే ముక్క మీద రెండు నరాలు రాస్తే అది ఎవరి సెట్టుకి చెల్లుతుందో గొడవ. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ఈ లెక్కలు వేసుకుంటూ "రెండోది క్లాసులో నోటితో చెప్పేస్తాలే" అనుకున్నది నాకు బాగా గుర్తు. కాలి ముక్కలు చేసినప్పుడు తొడ లోపలివైపు ఉండే అడ్డక్టర్ మాగ్నస్‌కీ ఇదే గతి పట్టించాను. దానికీ రెండు నరాలే, ఆబ్ట్యురేటర్, సయాటిక్. నా ముక్కలో ఆబ్ట్యురేటర్ ఒక్కటే. తలకిందుల బొమ్మ తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది. శరీరానికి తగ్గ ఆట కట్టలేక, ఆటకి తగ్గట్టు శరీరాన్ని కత్తిరించాను.

క్లాసులో నోటితో చెప్పేస్తాననుకున్నాను కదా, చెప్పాను కూడా. ఆ మాట వాళ్ళు ఒక్కసారి విన్నారు. ముక్క మీది మాటని హాస్టల్లో ఎన్ని రాత్రులు బయటికి తీశారో లెక్కలేదు. 2006 నాటి ఆ ప్రయోగం నా వైపే ఉందనుకున్నాను, నిజానికి అది ఎవరి వైపూ లేదు. బయటికి తీసేకొద్దీ గట్టిపడేది ఒప్పూ కావచ్చు, సగం ఒప్పూ కావచ్చు. పుస్తకంలో తప్పు చదివినవాడు మర్చిపోయైనా బాగుపడతాడు. నా ఆటలో బాగా ఆడినవాడికి ఆ అవకాశం కూడా లేదు.

ఈ జబ్బు నాతో పుట్టింది కాదు. రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు కోతుల్నీ ఇతర జంతువుల్నీ కోసి చూసి రాసినదాన్నే మనిషి శరీరమని యూరప్ వెయ్యేళ్ళకు పైగా చదువుకుంది. కింది దవడలో రెండు ఎముకలున్నాయని ఆయన రాశాడు. ఒక్కటేనని వెసాలియస్ అనే వైద్యుడు 1543లో బాసెల్‌లో అచ్చువేయించిన గ్రంథంలో చూపించాడు. అంతకుముందు ప్రొఫెసరు ఎత్తైన కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతుంటే కింద ఇంకొకరు శవాన్ని కోసేవారు; పుస్తకానికీ శవానికీ పేచీ వస్తే శవమే తప్పు. ఇదంతా నేను ఏటా మొదటి క్లాసులో కథలా చెబుతాను, పిల్లలు నవ్వుతారు.

చెప్పకుండా దాటేసేది ఇంకొకటి ఉంది. అదే ఏడాది వెసాలియస్ విద్యార్థుల కోసం ఎపిటొమి అనే సంగ్రహం కూడా వేశాడు. అందులో అవయవాల బొమ్మలున్న కాగితాలు ఉంటాయి. వాటిని కత్తిరించి, ఒక మనిషి బొమ్మ మీద పొర మీద పొరగా అంటించుకోవాలి. అనాటమీ నేర్పే కాగితపు ఆటకి నమూనా అప్పుడే ఉందన్నమాట. అందులో ప్రతి ముక్కకీ అంటించే చోటు ఒకటుంది, ఏది పైన ఏది అడుగున అన్న వరస ఉంది. నా పేకలో లేనివి సరిగ్గా ఆ రెండే. సదస్సులో పేపరు చదివే ముందు ఎపిటొమి పేజీ ఒక్కటి తిరగేసి ఉంటే బాగుండేది.

రెండో ఆటలో చేత్తో పట్టుకునే ముక్కలు లేవు. కాలేజీ ఫంక్షన్‌ది పాత ఫ్లెక్సీ ఒకటి తెచ్చాం, వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఒక కుర్రాణ్ణి దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, అరచేతులు పైకి తిప్పించి, మార్కరుతో ఒంటి చుట్టూ గీశారు. కండరాలని వాటి ఆకారంలోనే అట్టలతో కత్తిరించాం. ఏది ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టాలి, లోతుగా ఉన్నది ముందు, పైది తర్వాత. నరానికి పసుపు ఊలు, ధమనికి ఎరుపు, సిరకి నీలం, పుస్తకాల్లో వేసే రంగులే. వంతు వచ్చిన జట్టు నరాన్ని మెడ దగ్గర నుంచి వేళ్ళ దాకా నడిపించాలి, దారిలో ఏ కండరానికి కొమ్మ వెళుతుందో అక్కడ ముడి వేయాలి. ప్రొఫండస్ దగ్గర రెండు దారాలు వచ్చి చేరతాయి. ఎవరికీ ఏ గొడవా రాలేదు.

రేడియల్ నరం దగ్గర ఆట ఆగిపోయింది. అది హ్యూమరస్ వెనక ఏటవాలు గాడిలో చుట్టుకుపోయి, మోచేతికి కాస్త పైన వెలుపలివైపు నుంచి ముందుకొస్తుంది. ఫ్లెక్సీకి వెనకెక్కడుంది? "పక్కనుంచి పోనిద్దాం" అన్నాడొకడు. "వెనక అంటే వెనకేరా" అన్నాడు ఇంకొకడు. వాదులాట తెగక ముందే ఒకమ్మాయి బాల్‌పెన్నుతో ఫ్లెక్సీకి చిల్లు పొడిచి, దారాన్ని అడుక్కి దింపి, కింద ఇంకో చిల్లులోంచి పైకి లాగింది. ఫ్లెక్సీకి వెనక కూడా ఉందని నాకు అప్పుడు తెలిసింది. దానికి నేను పెట్టిన నియమమేదీ కారణం కాదు.

ఆ తర్వాత దెబ్బ చీటీలు. చీటీ తీస్తే ఎముక ఎక్కడ విరిగిందో ఉంటుంది. అక్కడ దారాన్ని కత్తెరతో తెంపాలి, దాని కిందున్న ముడులన్నీ పోయినట్టు. హ్యూమరస్ నడిమధ్య విరిగిందని వచ్చింది. రేడియల్ దారం తెగింది, మణికట్టు వాలిపోతుంది, అంతవరకు అందరూ చెప్పారు. మరి ట్రైసెప్స్? పాత ఆట ప్రకారం ట్రైసెప్స్, రేడియల్ ఒక సెట్టు కాబట్టి అదీ పోవాలి. దారం చూస్తే ట్రైసెప్స్ ముడులు చాలావరకు తెగిన చోటుకి పైనే ఉన్నాయి. మోచెయ్యి చాచడం చాలావరకు నిలుస్తుంది. నేను నోరు విప్పకముందే వాళ్ళకి కనబడింది. భుజం కింద, ఎముక మెడ దగ్గర విరిగితే యాక్సిలరీ నరానికి ముప్పు. మోచేతి లోపలి బుడిపె వెనక దెబ్బ తగిలితే అల్నార్. చిన్నపిల్లలు గోడ మీంచి పడి చెయ్యి ఊనుకుంటే మోచేతికి కాస్త పైన విరుగుతుంది. అక్కడ బ్రేకియల్ ధమనినీ మీడియన్ నరాన్నీ చూసుకోవాలి. ఒకే ఎముక, నాలుగు చీటీలు, నాలుగు వేరు వేరు చేతులు.

ఇంకో నియమం పిల్లలే పెట్టారు. ముక్క ఫ్లెక్సీ మీద పెట్టేముందు దాన్ని ఎవరి ఒంటి మీదైనా వేలితో చూపించాలి. బొటనవేలిని చిటికెన వేలికి ఆనించి మణికట్టు కాస్త ముడిస్తే, మధ్యలో తాడులా ఒక స్నాయువు పైకి లేస్తుంది. అది పాల్మారిస్ లాంగస్. ఒకడు ఎంత ముడిచినా అది లేవలేదు. వాడు కంగారుపడిపోయాడు, పక్కవాళ్ళు ఏడిపించారు. సుమారు 14 శాతం మందిలో ఒక చేతికో రెండు చేతులకో అసలా కండరమే ఉండదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దానివల్ల ఏ పనికీ లోటు రాదు. ప్లాస్టిక్ సర్జన్లు ఇంకోచోట అతకడానికి స్నాయువు కావాలంటే ముందు దాన్నే వెతుక్కుంటారు. పాత ఆటలో ప్రతివాడి చేతికీ పాల్మారిస్ లాంగస్ ఉండేది.

పాత ముక్కల్ని పూర్తిగా తీసిపారేయలేదు. మణికట్టు ఎముకలు, కపాలం అడుగు రంధ్రాలు, ఓవేల్‌లోంచి మాండిబ్యులర్ నరం, రోటండమ్‌లోంచి మ్యాక్సిలరీ, స్పైనోసమ్‌లోంచి మిడిల్ మెనింజియల్ ధమని, ఇలాంటివి ముందు నోటికి రావాలి. వాటికి ముక్కలు బాగానే పనికొస్తాయి. కాకపోతే ఇప్పుడవి పందెం ముక్కలు కావు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ రచయిత చెప్పిన పెట్టె పద్ధతిలో ఎవరికి వారే చూసుకుంటారు: వచ్చిన ముక్క తర్వాతి గడిలోకి, తప్పిన ముక్క మళ్ళీ మొదటి గడిలోకి. ఆడేది తనతోనే, ఓడేది తన దగ్గరే. కిటికీ పక్కకి వెళ్ళి కూర్చున్న ఆ అమ్మాయికి ఇది నచ్చి ఉండేదేమో. ఈ మార్పులన్నీ వచ్చేసరికి తను ఫైనలియర్లో ఉంది.

కొత్త ఆట మీద ఫిర్యాదులు లేకపోలేదు. ఒక్క నరం నడిపించేసరికి గంట అయిపోతుంది. ఫ్లెక్సీ పరచడానికి చోటు చాలదు, ఊలు చిక్కుపడుతుంది, గెలిచిందెవరో చివరికి ఎవరికీ తెలియదు. "షో చెప్పడం లేదా మేడమ్?" అని నిరాశగా అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. సిలబస్ మొత్తం ఇలా చెప్పడం కుదరదు. చెయ్యి, కాలు, అంతే కుదురుతోంది.

మొన్నీమధ్య కొత్తగా చేరిన కుర్రాడొకడు బోన్ సెట్టు చూపించడానికి తెచ్చాడు. సీనియర్ దగ్గర కొన్నాడట. సంచీ అడుగున రబ్బరు బ్యాండు వేసి నా పాత ముక్కల కట్ట. "ఇది ఫ్రీగా ఇచ్చారు మేడమ్, చాలా బాగుంది" అన్నాడు. అవి ఏ ఏ హాస్టళ్ళకి చేరాయో, వేరే కాలేజీల్లో ఎంతమంది జిరాక్సు తీసుకున్నారో వెనక్కి రప్పించే దారి నాకు లేదు. మీ ఇంట్లో మెడికల్ ఫస్టియర్ పిల్లలుండి, వాళ్ళ దగ్గర ఆ కట్ట ఉంటే, పెన్నుతో ఈ మూడూ రాసుకోమనండి. ప్రొఫండస్ నరం ముక్క మీద "అల్నార్ కూడా". అడ్డక్టర్ మాగ్నస్ ముక్క మీద "సయాటిక్ కూడా". బ్రేకియాలిస్ ముక్క మీద మస్క్యులోక్యుటేనియస్ అని ఉంటుంది, పక్కన చిన్నగా "కొంత రేడియల్". జోకర్లని చింపేయమనండి.